బల్ల చరిస్తే పాట ఆగాలి

2023 చలికాలం నాటి సంగతి. బహ్రెయిన్‌లో జుఫైర్ వైపు ఒక హోటల్లో నేను సౌండ్ ఆపరేటర్‌ని. మా జగిత్యాల వాళ్ళ లెక్కలో ఇది కూడా దుబాయే. గణేశ్ మండపాలకు సౌండ్ బాక్సులు మోసి, పెళ్ళిళ్ళలో మైకులు బిగించి, కడకు ఇక్కడ మిక్సర్ ముందు తేలాను. ఒక్కో మైకుకు ఒక్కో ఫేడర్ ఉంటుంది. పైకి తోస్తే శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ మైకు ఒక్కసారి కీచుమన్నా ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ క్లైవ్ పాడేవాడు. జమైకా మనిషి, అరవై దాటిన వయసు. రెగ్గే, డాన్స్‌హాల్ అనే వాళ్ళ దేశపు పాటలు తప్ప ఇంకో లోకం తెలియదు. కుర్రతనంలో పాడిన ఒక పాట వాళ్ళ ఊరి బస్సులన్నిటిలో మోగిందట. ఆ తర్వాత ఓడల మీదా, హోటళ్ళలోనూ పాడుకుంటూ దేశాలు తిరిగి ఇక్కడ ఆగాడు. రిడిం, అంటే గొంతు లేని ఉత్త వాద్యం, నేను లాప్‌టాప్‌లోంచి వదిలితే దాని మీద పాడేవాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అందేది. అందిన సగాన్నే తెలుగులో రాస్తున్నాను.

మొదటి శుక్రవారమే నా పరువు పోయిందనుకున్నాను. పాట మంచి ఊపులో ఉండగా జమైకా నర్సులు కూర్చున్న బల్ల దడదడ మోగింది. క్లైవ్ నా వైపు తిరిగి ఆపమని చెయ్యి ఊపాడు. మైకు చచ్చిందేమోనని కేబుల్ పట్టుకుని పరుగెత్తాను. హాలంతా ఒకటే నవ్వు.

“మైకు బాగానే ఉంది బ్రదర్. బల్ల చరిచారంటే పాట నచ్చిందని. వెంటనే ఆపి మొదటి నుంచి వెయ్యాలి. దీన్ని పులప్ అంటాం,” అన్నాడు క్లైవ్.

మన పౌరాణిక నాటకాల్లో పద్యానికి వన్స్ మోర్ కొట్టడం లాంటిదే. కాకపోతే మనవాళ్ళు పద్యం అయ్యేదాకా ఓపిక పడతారు, వీళ్ళు పట్టరు. అప్పటి నుంచి ఆయన్ని ‘అన్నా’ అని పిలిచేవాణ్ణి. ఆ మాటకు అర్థం చెప్పాక, పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేశాడు.

కొన్నాళ్ళకు ఆయన గొంతు బొంగురుపోయింది. తేనె, అల్లం, ఉప్పునీళ్ళు, ఏవీ పనిచెయ్యలేదు. మా తెలంగాణ వాడే అయిన హోటల్ డ్రైవర్ సలీం భాయ్, నేను కలిసి సల్మానియా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. గొంతు క్యాన్సర్ అన్నారు. లారింజెక్టమీ చెయ్యాలట, అంటే స్వరపేటిక మొత్తం తీసేసే ఆపరేషన్. ప్రాణం దక్కితే దక్కవచ్చు, గొంతు మాత్రం ఉండదు.

తిరిగి వస్తుంటే సలీం భాయ్ నాతో తెలుగులో అన్నాడు: “పాట పాడేటాయనకు గొంతే తీసేస్తే ఇంకేం మిగుల్తది భాయ్? అల్లా ఇంకోటేదన్న అడగొచ్చు గద.” వెనక సీట్లో క్లైవ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆపరేషన్ ఆదివారం. దాని ముందు శుక్రవారానికి ఆయన కూతురు సిమోన్ జమైకా నుంచి వస్తోంది. ఆయన మొదటిసారి ఓడ ఎక్కేనాటికి చంకబిడ్డ. తండ్రి స్టేజీ మీద పాడగా ఎన్నడూ చూడలేదు.

“అన్నా, మీ పాత రికార్డు వేస్తాను. పెదవులు కదిపితే చాలు, ఎవరికీ తెలియదు,” అన్నాను.

“నా కూతురు ఆ రికార్డు వింటూనే పెరిగింది. బతికున్న గొంతు వినలేదు. ఆ ఒక్క పాట, చివరిదాకా, దాని ముందు పాడాలి,” అన్నాడు.

శుక్రవారం సిమోన్ ముందు బల్ల దగ్గర కూర్చుంది. క్లైవ్ తన బస్సుల పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో గొంతు చీలింది. నా బుద్ధి కన్నా ముందు నా చెయ్యి కదిలింది. రిడిం ఆపి, పులప్‌కి మోగించే బూర శబ్దం వదిలాను. పాట నచ్చి ఆపామనుకుని నర్సులు బల్లలు చరిచారు. ఆ గోలలో ఆయన నీళ్ళు తాగాడు. శ్రుతి కొంచెం దించి మొదటి నుంచి వేశాను. ఈసారి రెండో చరణం దాటి, మూడో చరణం అంచున మళ్ళీ చీలింది. మళ్ళీ బూర, మళ్ళీ గోల. అందరూ ఊగిపోతున్నారు. సిమోన్ ఒక్కతే బల్ల చరచలేదు. నా చేతి వంకే చూస్తోంది.

మూడోసారి గొంతు తెగినప్పుడు నా వేలు మీట మీదే ఉంది. క్లైవ్ నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

వేలు తీసేశాను. రిడిం సాగుతోంది. పాట లేదు, ఊపిరీ అందులో మాటలూ మాత్రమే ఉన్నాయి. ఆయన ఫేడర్ పూర్తిగా పైకి తోశాను. ఆ ఊపిరి హాలంతా నిండింది. చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. చివరి మాట దాకా పాడి ఆయన మైకు కింద పెట్టాడు. సిమోన్ లేచి వెళ్ళి తండ్రిని పట్టుకుంది.

అన్నేళ్ళూ లోపాన్ని కప్పెయ్యడమే నా పని అనుకున్నాను. కప్పకుండా వినిపించవలసిన సమయం ఒకటి ఉంటుందని నాకు నేర్పింది ఆయనే. ఇప్పటికీ ఏ గాయకుడి గొంతు వణికినా, ఫేడర్ కిందికి లాగే ముందు వాళ్ళ ముఖం చూస్తాను.

ఆపరేషన్ అయినా జబ్బు ఆగలేదు. సిమోన్ ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ వేసవిలో పోయాడు. మహూజ్‌లోని నా గదిలో ఉండగా ఆమె ఫోన్ చేసి చెప్పింది.

నేను ఆయన్ని చివరిసారి చూసింది జమైకా ప్రయాణానికి ముందు, వార్డులో. మెడలో గొట్టం, పక్కన సిమోన్. ఆ శుక్రవారం పాట నా మిక్సర్‌లో రికార్డయింది, ఫోన్‌లో వేశాను. గొంతు తెగే చోటు దగ్గర పడుతుంటే భయమేసి దాటించబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. అందరం విన్నాం, ఊపిరితో సహా.

పాట ఇంకా అయిపోలేదు. ఆయన చెయ్యి మెల్లగా లేచి మంచం కడ్డీని చరిచింది. నాకు అర్థం కాలేదనుకున్నాడేమో, ఇంకోసారి చరిచాడు.

ఆపి, మొదటి నుంచి వేశాను.