ఇంటావిడ నిద్రకు కావలసిన చప్పుడు

కొత్తగూడలో నేను కిరాయికున్న గదికీ, ఇంటావిడ పడకగదికీ మధ్య ఒకటే గోడ. ఆవిడ దవాఖానలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేది. నా గదిలో ఒక పాత కంప్యూటర్ సర్వర్‌గా రాత్రింబవళ్లు నడిచేది. దాని ఫ్యాను మోతకు కంటిమీద కునుకు రావడం లేదని ఒకరోజు ఆవిడ గట్టిగానే చెప్పింది.

ఆఫీసులో కూడా నాకెవరూ అంత స్పష్టంగా పని చెప్పలేదు. నెల రోజుల ఆదివారాలు దానికే పెట్టాను. మీటరు ఇద్దరికీ ఒకటే కాబట్టి కరెంటు తక్కువ తాగే ప్రాసెసర్ వెతికి తెచ్చి వేశాను. అది పెద్దగా వేడెక్కదు గనక ఫ్యాన్లు పీకేశాను. హార్డ్ డిస్కు గరగర గోడదాకా పోకుండా దాన్ని సైకిల్ ట్యూబు ముక్కలతో వేలాడదీశాను. చివరికి అది నడుస్తోందో లేదో లైటు చూసి తెలుసుకోవాల్సినంత నిశ్శబ్దం వచ్చింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఎర్రటి కళ్లతో తలుపు కొట్టింది.

"తమ్మీ, నీ డబ్బా బంద్ వడ్డదా ఏంది?"

"లేదక్కా, నడుస్తోంది. మీ నిద్ర కోసమే చప్పుడు తీసేశాను."

"నిద్ర ఏడిది? ఈ నెల రోజులల్ల దాని చప్పుడు అలవాటైంది. వార్డుల మిషిని చప్పుడు ఆగితే ఉరకాల్సింది నేనే. ఇంట్ల గూడ గట్లనే ఉలిక్కిపడి లేస్తున్న."

ఒక ఫ్యాను మళ్లీ బిగించాను. అది చల్లబరచడానికి లోపల వేడేమీ లేదు. కాసేపటికి గోడ అవతల గురక మొదలైంది. దానికి సైకిల్ ట్యూబు పనికిరాదు.