వదిన గ్లాసు మీది చేప

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నలుగుర్నీ నవ్వించేవాడి దగ్గర అలాంటిది ఉంటుందని ఎవరనుకుంటారు? మీరు నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనిమిదో తరగతి తప్పి, బడి మానేసి, గుడివాడలో ఒక వెండి కొట్లో మెరుగు పెట్టే పనికి కుదిరినవాణ్ణి. అత్తగారు పోయాక, అవనిగడ్డలో ఆవిడ వెండి గ్లాసులు రెండు మిగిలాయి. ఒకటి బందరు కొట్లో కొన్నది, అడుగున కొట్టు పేరు ముద్ర. రెండోది ఆవిడ తండ్రి చేసింది. ఆయన కంసాలి, తను చేసిన వస్తువు అడుగున చిన్న చేప ముద్ర కొట్టేవాడట. బూడిదతో తోమీ తోమీ రెండు ముద్రలూ అరిగిపోయాయి.

మా ఆవిడకు ఏదైనా ఒకటే. తాత దగ్గర పెరిగిన వాళ్లక్కకు మాత్రం ఆయన చేసిందే కావాలి.

“ఏం మరిదీ, అక్షరాలే రానోడివి, మా తాత ముద్ర చదవగలవా?” అంది వదిన నవ్వుతూ.

నేనూ నవ్వాను. భూతద్దం పెట్టి చూశాను. ఎడమచేతి గ్లాసు మీద చేప. కుడిచేతి దాని మీద కొట్టు పేరు. కుడిచెయ్యి చాచాను.

“ఇదిగో వదినా, మీ తాతగారి చేప. పులుసు పెట్టేయకండి!”

ఒక్క నిమిషం ఉడికించి అసలుది ఇద్దామనే. అంతేనా? ఆ మాట నాకు గుచ్చుకోలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

వదిన భూతద్దం తీసుకుని చాలాసేపు చూసింది.

“అవును మరిదీ. తోక కూడా కనపడతంది” అని గ్లాసు చెంపకు ఆనించుకుని ఏడ్చింది.

లేని తోక. ఎడమచేతిలోది మా ఆవిడకు ఇచ్చేశాను.

తర్వాత మా అమ్మాయి పట్టీల కోసం మా ఆవిడ రెండో గ్లాసు నా చేతికే ఇచ్చింది, కొట్లో కొన్నదేగా అని. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే ఇద్దరి ముందూ ఏమైపోతానో అన్న భయం ఒక్కటే నన్ను ఆపింది, ఇంకే కారణమూ లేదు. నేనే వెండి కరిగించే మూసలో వేసి కొలిమి మీద పెట్టాను. అంచు వంగింది, గోడ కూలింది, చేప ఉన్న అడుగు చివరిదాకా నిలిచి, మెత్తబడి కలిసిపోయింది.

ఇప్పటికీ వెళ్తే వదిన మజ్జిగ ఆ గ్లాసులోనే ఇస్తుంది, తాతను గుర్తుపట్టి ఇచ్చినవాణ్ణని. తాగుతాను. చెబితే ఆవిడకు ఆ తాత కూడా మిగలడు. చెప్పకపోవడం ఆవిడ కోసమా, నా కోసమా?

ఆ గ్లాసు మీద చేప లేదు. ఉన్నదాన్ని నేను కరిగించాను. ఈ రెండు మాటలూ కలిపి అనడం ఇదే మొదటిసారి.