నాలుగో నెంబరు నీళ్లు

1977. నంద్యాల పెద్దాసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ ఎండాకాలంలో ఒక యూనివర్సిటీ పరిశోధక బృందం మా ఊళ్లో దిగింది. ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయి, పెద్దవాళ్ల నడుములు కొయ్యబారుతున్నాయి. ఇది తిండి వల్లనా, నీళ్ల వల్లనా, లేక వంశంలోనే ఉందా అన్నది తేల్చడానికి వచ్చారు. వాళ్లకు మన భాష రాదు. అందుకని నన్ను డెప్యుటేషన్ మీద, అంటే జీతం ఇక్కడ, చాకిరీ అక్కడ అన్నమాట, వాళ్ల వెంట పంపారు.

ప్రొఫెసరు అనుమానం ఫ్లోరోసిస్ మీద. నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరితే పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోతాయి. మందు లేదు, నీళ్లు మార్చడమొక్కటే దారి. ఆ పల్లెలో ఉన్న ప్రతి బావి, బోరింగు నీళ్లూ ప్లాస్టిక్ సీసాల్లో పట్టాం. సీసా మీద ఊరి పేరు, బావి పేరు రాయకూడదు, కోడ్ నెంబరు మాత్రమే. పరీక్ష చేసేవాడికి ముందే తెలిస్తే లెక్క అటో ఇటో మొగ్గుతుందట. ఏ నెంబరు ఏ బావిదో నా చేత్తో రిజిస్టర్లో రాశాను. నకలు ప్రొఫెసరుకు, అసలు నాకు.

ఆ ఊళ్లో ఏసన్న అని కూలి చేసుకునే మనిషి. అతని కూతురు రూతుకు ఆరేళ్లు, కాళ్లు ఇంకా నిటారుగానే ఉన్నాయి. నీళ్లతో పాటు పిల్లల రక్తమూ తీశాం. సూది చూసి మిగతా పిల్లలు పారిపోతుంటే ఆ పిల్ల తనే వచ్చి చెయ్యి చాపింది. ఈ రక్తం చూస్తే నీ కాళ్లు వంకరపోకుండా ఏం చెయ్యాలో తెలుస్తుందమ్మా అని నేనే చెప్పాను మరి.

ఏసన్న పక్కనే నిలబడి, "పరీచ్చ సంగతి అట్లుండనీ సారూ. అంతవరకూ నా బిడ్డకు యాడి నీళ్లు తాపాల?" అన్నాడు.

అతని భార్య ఊరవతల పాత బావి నుంచి నీళ్లు తెస్తోంది. నేను పోయి తొంగి చూశాను. నాచు, పావురాల రెట్టలు. ఊరి మధ్యలో గవర్నమెంటు వేసిన కొత్త బోరింగు నీళ్లేమో తళతళలాడుతున్నాయి. చదువుకున్నవాణ్ణి కదా, బోరింగు నీళ్లే తాపమని గట్టిగా చెప్పాను.

బృందం సీసాలు సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ వస్తామన్నారు, రాలేదు. ఉత్తరాలు రాశాను. మూడోదానికి రెండు ముక్కల జవాబొచ్చింది. వ్యాసం అచ్చయ్యేదాకా ఫలితాలు బయటపెట్టడం మా పద్ధతి కాదు, అంతే. ఒళ్లు మండింది. మండితే ఏం లాభం, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి నా పనిలో నేను పడ్డాను. ఆ సిగ్గుమాలిన పని చేసింది నేనే.

1982లో పోస్టులో ఒక రీప్రింట్ వచ్చింది, అంటే పత్రికలో అచ్చయిన వ్యాసానికి విడి ప్రతి. చివర కృతజ్ఞతల్లో నా పేరు. ఉబ్బిపోయి ల్యాబంతా తిప్పి చూపించాను. తర్వాత కూర్చుని టేబుల్ చదివాను. నాలుగో నెంబరు నీళ్లలో ఫ్లోరైడ్ ఊరంతటిలోకీ ఎక్కువ. తొమ్మిదో నెంబరు నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. పరీక్షలు మేం సీసాలు పట్టిన ఏడాదే అయిపోయాయని కిందే రాసుంది. ట్రంకుపెట్టె తీసి రిజిస్టర్ చూశాను. తొమ్మిది పాత బావి. నాలుగు బోరింగు.

అయిదేళ్లు! తెలిసి తెలిసి అయిదేళ్లు నోరు మూసుకున్నారు. ఒక్క కార్డుముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

ఆదివారం చర్చి వదిలే వేళకు ఆ ఊరు చేరాను. రూతు బోరింగు దగ్గర నుంచి బిందె చంకనెత్తుకుని వస్తోంది. అడుగడుక్కీ మోకాలికి మోకాలు కొట్టుకుంటోంది. ఏసన్నను కూర్చోబెట్టి అంతా చెప్పాను, బోరింగు నీళ్లు తాపమన్న నా మాటతో సహా.

"పుస్తకం నీ పెట్టెలో ఉండె. లెక్కలు వాళ్ల పెట్టెలో ఉండె," అన్నాడు. "నా బిడ్డ కాళ్లు మాత్రం ఈడనే ఉండె గదప్పా."

అంతవరకూ నన్ను సారూ అన్న మనిషి. తిట్టినా బాగుండేది.

లేచి ఎవరింట్లోనో పానా అడిగి తెచ్చాడు. నేను బోల్టు పట్టుకున్నాను, అతను బోరింగు హ్యాండిలు ఊడదీశాడు. మర్నాడు నేను బ్లీచింగ్ పౌడర్ తీసుకుపోయి పాత బావిలో వేయించాను. మూడో రోజుకల్లా జీపు వచ్చింది. ప్రభుత్వ ఆస్తి ఎవడు ధ్వంసం చేశాడని ఒక ఆఫీసరు ఊరంతా వినేలా అరిచాడు. పిల్లల కాళ్లు ధ్వంసమైనప్పుడు రాని జీపు! నేనే చేశానన్నాను. మెమో ఇచ్చారు. రిజిస్టర్ పేజీ, టేబుల్ కాగితం రెండూ కుట్టి జవాబు పంపాను. ఇంక్రిమెంట్ ఆపారు. హ్యాండిలు మాత్రం మళ్లీ బిగించలేదు.

రూతు కాళ్లు తిరిగి నిటారు కాలేదు. ఆ తర్వాత పుట్టిన ఆమె తమ్ముడివి బాగున్నాయి.

జీపు వచ్చిన రోజు నేను బస్సుకు బయల్దేరుతుంటే ఆ పిల్ల గడప మీద కూర్చునుంది. "సారూ, ఆ పొద్దు నేను ఏడ్వకుండానే చెయ్యి చాపితి గదా?" అంది. అవునమ్మా అన్నాను.

రక్తం ఎవరిదో ఫలితం వాళ్లది, ముందు వాళ్లకు చెప్పాలి. నేను నేర్చుకున్నది ఇంతే, అదీ ఒక పిల్ల కాళ్ల ఖరీదు మీద. కొన్నేళ్లకు ఇంకో బృందం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఫలితాలు ఊరికి ఎప్పుడు చెబుతారో కాగితం మీద రాసివ్వమన్నాను. పెద్దాయన నవ్వి, అలాంటి పద్ధతి లేదన్నాడు.

అయితే ఆ పిల్లల చేతులు మీరే పోయి చాపించుకోండి, నేను రాను అన్నాను.