ప్రెసిడెంటమ్మ ఎక్కని పడవ

మా ఊరి మాజీ ప్రెసిడెంటమ్మ పోయింది. సంత రోజు పొద్దున్నే, పడవ రేవులోనే ప్రాణం పోయింది.

పేపర్లో చూసే ఉంటారు. జలాశయం మధ్య దీవిలాంటి ఊరికి మాజీ సర్పంచ్ అనీ, సోలార్ దీపాలూ బడి షెడ్డూ తెచ్చిన నాయకురాలనీ వేశారు. ఆ వివరాలు విలేకరికి ఫోన్లో చెప్పింది నేనే, ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. అన్నీ నిజాలే. అసలు చెప్పాల్సింది మాత్రం చెప్పలేక ఫోన్ పెట్టేశాను.

మా చుట్టూ నీళ్లే. అవతలి గట్టుకి వెళ్లాలంటే ఒక్కటే నాటు పడవ. ఆమె గెలిచిన కొత్తలో ఒక పెద్దాఫీసరు వచ్చాడు. తిరుగు ప్రయాణానికి పడవలో ఆయనకో కుర్చీ, ఆమెకో కుర్చీ వేశారు. పెద్దమ్మ ఆ రెండూ దింపించి, పసుపు మూటలతో నిలబడ్డ ముసలాళ్లని ఎక్కించింది. ఊరందరికీ ఆమె పెద్దమ్మే.

"పెసిడెంటు ముందెక్కీసి ఎలిపోతే ఒడ్డు మీదోల్లని ఎవులు సూత్తారు బాబూ? నువ్వూ నానూ ఆకర్న ఎల్దుం" అంది.

ఆయన చచ్చినట్టు ఆగాడు. ఆమె నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట పీలుస్తూ, పడవ తిరిగొచ్చేదాకా కాఫీ తోటల కష్టాలన్నీ ఆయనకి ఏకరువు పెట్టింది.

నాకు నొప్పులొచ్చిన రోజు సంత మూటలన్నీ దింపించి పడవంతా నాకే ఇచ్చింది. నా కూతురు క్షేమంగా ఆస్పత్రిలో పుట్టిందంటే ఆమె చలవే.

పదవి పోయాక కూడా ఆమెది ఆఖరి పడవే. రమ్మంటే, "ఎక్కండర్రా బేగి, నాకేటి తొందర" అని కసిరేది. మొదట్లో మొహమాటపడేవాళ్లం. తర్వాత రమ్మనడమే మానేశాం.

పోయిన రోజు కూడా అలాగే రేవులో రాయి మీద కూర్చుంది. చలికి మేమంతా దుప్పట్లు కప్పుకుంటే ఆమె మెడ మీద చెమట. నేను చూశాను.

"ఏటి పెద్దమ్మా, అలాగున్నావు?"

"ఏటీ నేదు గుంటా. కొండ దిగొచ్చినాను కదా, ఆయాసం. ఎల్లు, సంత అయిపోద్ది."

వెళ్లాను. పడవలో నా పక్కన ఇంకో మనిషి పట్టేది. ఆ చోట్లో నా రాజ్మా బస్తా పెట్టుకున్నాను. అవతలికి దాటితే ఆస్పత్రికి జీపులుంటాయి. దా, ఎక్కు అని చెయ్యి పట్టుకుని లాగితే సరిపోయేది. ఆమె ఆఖర్నే వస్తుంది కదా అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది. కానీ చెమట చూసింది నేను. ఆ సిగ్గు నన్ను వదలడం లేదు. సంతలో రాజ్మా అమ్ముతుండగా కబురొచ్చింది.

ఆమె దినాలయ్యాక వచ్చిన మొదటి సంత నిన్న. మూటలతో అందరం రేవుకి చేరాం. పడవతను గెడ నేలలో గుచ్చి పట్టుకుని, "ఎక్కండి, పొద్దెక్కిపోతంది" అన్నాడు. ఎవరూ కదల్లేదు. నువ్వు ముందంటే నువ్వు ముందని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మంచు విడిపోయి అవతలి గట్టు తేటగా కనబడింది. మేమింకా ఒడ్డునే ఉన్నాం, పడవ ఖాళీగా ఊగుతోంది.