రెండుసార్లు తీసిన పంటి అచ్చు

దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో చీపురుంటే అక్కడే పడేయండి, పరవాలేదు. ఒక్క పన్ను కోసం నేనెంత కుళ్లుకున్నానో చెబుతాను.

మా తోటికోడలు, అంటే మా మరిది భార్య, నాకన్నా ఏడేళ్లు చిన్నది. ముందుపన్ను విరిగితే బొబ్బిలిలో పళ్ల డాక్టరమ్మ దగ్గర కట్టించుకుంది. అప్పటినుంచి ఊరికే నవ్వేది. పాలు పొంగినా నవ్వే, మేక తాడు తెంపుకుపోయినా నవ్వే. మా అత్త నన్ను పిలిచి మరీ, "సిన్నదాని పన్ను సూసినావా, వరిగింజనాగ ఎలగున్నాదో!" అనేది. అప్పటికి నా ముందుపన్నూ చిగుళ్ల దాకా విరిగే ఉంది.

నా కూతురి పెళ్లి నెలలోకి వచ్చింది. పెళ్లికూతురి తల్లిని నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే, పక్కన ఆవిడ పళ్లన్నీ చూపిస్తూ ఫొటోల్లో నిలబడటమా? తలుచుకుంటే అన్నం దిగలేదు. నేనూ బొబ్బిలి వెళ్లాను.

వేరు గట్టిగానే ఉందంది డాక్టరమ్మ. లోపలి నరం తీసి శుభ్రం చేసింది. తర్వాత వెళ్లినప్పుడు ఆ వేరులో సన్నటి గొయ్యి చేసింది. అందులో లోహపు గుంజ పాతి, దానిమీద పన్ను తొడుగుతారట. పందిరి గుంజకు గొయ్యి వదులైతే ఊగుతుంది కదా, ఇదీ అంతే. అందుకే ఆ గొయ్యి కొలతకు అచ్చు తీశారు. పలుచటి ముద్దను సిరంజితో గొయ్యిలోకి ఎక్కించి, చీపురుపుల్లంత ప్లాస్టిక్ పుల్ల గుచ్చి, చపాతీ పిండిలాంటి గట్టి ముద్ద ఉన్న పళ్లేన్ని పైనుంచి నొక్కిపట్టింది. ఐదు నిమిషాలు కదలకూడదంది. ముద్ద బిగిశాక ఒక్క లాగు లాగితే, నా పంటి గొయ్యి మేకులా బయటికొచ్చింది.

ఆ అచ్చు విజయనగరం ల్యాబుకు వెళ్లింది. గుంజ వచ్చేదాకా గొయ్యి మీద తెల్ల సిమెంటు పెట్టి, "వేడివి తినొద్దు. పొగ అసలే వద్దు" అంది.

ఆ మాట నాకే తగిలింది. నా కన్నవారిది కోటబొమ్మాళి వైపు. అక్కడి ఆడవాళ్లలాగే నాదీ అడ్డపొగ. చుట్టకు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. తోటికోడలిదీ ఆ వైపే, ఆవిడా తాగేది. పన్ను కట్టించుకున్నాక మానేసింది. అదీ మా అత్తకు గొప్పే. మూడు రోజులు నేనూ ఆగాను. నాలుగో రోజు ఇద్దరం పెళ్లిచీరలకు వెళ్తే, కొట్టతను ప్రతి అంచూ చిన్నదాని భుజం మీదే వేసి చూపించాడు. నన్ను మాత్రం "మీరు కూర్చోండి పెద్దమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి పెరట్లో నీళ్ల గాబు వెనక్కి వెళ్లి చుట్ట వెలిగించాను. ఒకటి కాదు, రెండు. తెల్లారేసరికి సిమెంటు ఊడిపోయింది, చిగుళ్లు వాచాయి. ఎవరికీ చెప్పలేదు.

గుంజ వచ్చిందని ఫోనొస్తే తోటికోడలే తోడొచ్చింది. గుంజ సగం దిగి ఆగిపోయింది. డాక్టరమ్మ లైటు వేసి చూస్తే గొయ్యి నిండా బూడిద, మెతుకులు. అవన్నీ గీకి తీసేసరికి గొయ్యి వెడల్పయి, అదే గుంజ ఊగడం మొదలుపెట్టింది.

"ఏటమ్మా, కుంపటి గాని పెట్టుకున్నావా నోట్లో? మళ్లీ అచ్చు తియ్యాలి" అంది డాక్టరమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక చిన్నది అత్త దగ్గర నా పరువు తీసేస్తుందనుకున్నాను. చిన్నదేమో వంగి నా చెవిలో, మావైపు అక్కను పిలిచినట్టు, "అప్పా, నాకూ రెండుసార్లు తీసినారు. నానూ తాగీసినాను. అత్తకి తెలిస్తే సంపేస్తాదని నోరు మూసుకున్నాను" అంది.

"ఒసే దొంగా, ఇన్నాళ్లూ సెప్పనేదేటే!"

"సెప్పీస్తే నువ్వు నన్ను సూసి కుళ్లుకోవు గదప్పా!"

నవ్వొచ్చి నేను ఊగిపోతుంటే డాక్టరమ్మ కసిరింది. రెండో అచ్చు బిగిసేదాకా చిన్నది నా గెడ్డం కదలకుండా పట్టుకుంది. కొత్త గుంజ పెళ్లికి రెండు రోజుల ముందు దిగింది. పైతొడుగుకు వేళ చాలక, డాక్టరమ్మ దానిమీద తాత్కాలికంగా ఒక పన్ను అతికించింది.

ఫొటోలో ఇద్దరం నవ్వుతున్నాం. అయినా చూసినప్పుడల్లా ఆవిడ పన్నే ఒక పిసరు తెల్లగా కనిపిస్తుంది. కుళ్లంతా పోయిందని మీకెందుకు అబద్ధం చెప్పాలి?

మీ ఇంటి తోటికోడళ్లు ఒకరి గుట్టు ఒకరు కాచుకోవాలి. మీ ఇంటి ముసలమ్మలు ఎనభై ఏళ్లకూ చెరకు ముక్క కొరకాలి. మీ గడప చల్లగా ఉండాలి.