అత్తకు చెప్పాల్సిన మాట

పోయిన ఎండాకాలం ఎల్బీనగర్ బస్టాపులో బురఖా వేసుకున్న ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో నిద్రపోతున్న పాప చేతికి అంటించిన దూది చూసి, ఏమైందని అడిగాను. తలసేమియా, నెలనెలా రక్తం ఎక్కించాలట. అది వంశంలో ఎలా వస్తుందో కుటుంబాలకు వివరించడమే దవాఖానలో నా ఉద్యోగం.

"నా ఖూనే ఖరాబని మా అత్త అంటది మేడం," అందామె.

"నీ ఒక్కదాని రక్తం వల్ల కాదమ్మా, ఆ లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు ఈ జబ్బు. తప్పు ఎవరిదీ కాదు," అన్నాను.

ఆమె వెంటనే ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. "గిదే మాట జర మా అత్తకు చెప్పుండ్రి."

ఉర్దూలో నెమ్మదిగా చెప్పాను. అంతా విని ఆ పెద్దామె, "కోడలు ఏమన్నా తిన్నదా?" అని అడిగింది.

ఆ మాట చెప్పి ఫోన్ ఆమెకిచ్చాను. తిన్నానని అత్తకు చెప్పి, ఫోన్ పెట్టేసి, ఆమె నవ్వింది. ఇద్దరం చెరో సమోసా కొనుక్కుని తిన్నాం.