యాభై రెండు అంగలు

గంగన్న బహ్రెయిన్ వచ్చి ఇరవై మూడేళ్లయింది. మొదటి రెండేళ్లు క్యాంపులో ఉండి సిమెంటు మోశాడు. మిగతా ఇరవై ఒక్కటీ జాసిం ఇంట్లో డ్రైవరుగానే గడిచిపోయాయి. ఊళ్లోవాళ్ల లెక్కలో మాత్రం అతను ఇప్పటికీ దుబాయిలోనే ఉన్నాడు. జాసిం పెద్ద కూతురు పుట్టినప్పుడు తల్లీబిడ్డల్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది గంగన్నే. ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఆఖరిది నూర, తొమ్మిదేళ్లది, ఇల్లున్న ఈసా టౌన్‌లోనే బడికి వెళ్తుంది. ఇన్నేళ్లలో గంగన్న చేతిలో ఒక్క బండికీ గీత పడలేదు. ఆ మాట జాసిం వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

యాభై ఆరో ఏట గంగన్న కుడి మోకాలు మొరాయించడం మొదలుపెట్టింది. సాయంత్రాలు సీఫ్ బజార్ల వైపు బండ్లు ఒకదాని వెనక ఒకటి పాకుతుంటాయి. బ్రేకు మీదికీ యాక్సిలరేటర్ మీదికీ పాదం మార్చీ మార్చీ, ఇంటికొచ్చాక తన గదికి మూడు మెట్లెక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. డ్రైవరు కాలు నొప్పి అన్నాడంటే ఊరికి టికెట్టు తెమ్మని అడిగినట్టే.

సరిగ్గా అప్పుడే జాసిం కరెంటు కారు కొన్నాడు. చూడ్డానికి నలుగురు కూర్చునే మామూలు బండే గాని, పాదం గట్టిగా నొక్కితే మూడు లెక్కపెట్టేలోపు వంద దాటుతుంది. గంగన్నకు ఆ దూకుడుతో పని లేదు. అతన్ని ఆకట్టుకున్నది ఇంకొకటి. యాక్సిలరేటర్ మీద నుంచి పాదం ఎత్తగానే, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి దానంతటదే నెమ్మదించేది. చక్రాల్ని తిప్పే మోటారే అప్పుడు బండి ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుందనీ, అలా పంపడంలోనే బండి ఆగుతుందనీ షోరూం మనిషి చెప్పాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు బ్రేకు తొక్కే పనే ఉండేది కాదు.

గంగన్న మోకాలికి పెద్ద ఊరట దొరికింది. ఏడాది తిరిగేసరికి ఎంత దూరంలో పాదం ఎత్తితే ఎక్కడ ఆగుతుందో అతనికి కొలత కుదిరింది. పాదం బ్రేకు సంగతే మరిచిపోయింది. మరిచిపోయిందని మాత్రం అతనికి తెలియలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం జాసిం సముద్రం మీది వంతెన దాటి సౌదీ వెళ్లవలసి ఉంది. రోజూ నూటికి ఎనభై దాకా పెట్టే ఛార్జి ముందు రాత్రి వంద దాకా పెట్టించాడు. పొద్దున గంగన్న నూరను ఎక్కించుకుని బయల్దేరాడు. బడి నాలుగు నిమిషాల దూరం. ముందున్న తెర మీద ఏదో ఇంగ్లీషు అక్షరాల వరుస వెలిగింది. ఆ తెర మీద రోజుకొకటి వెలుగుతూనే ఉంటుంది, అతను పట్టించుకోలేదు.

బడి రోడ్డు మలుపు తిరిగాక, నడిచి దాటే చారల దగ్గర ఒకావిడ కొడుకు చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి దిగింది. గంగన్న ఎప్పటిలాగే పాదం ఎత్తాడు. బండి నెమ్మదించలేదు. నున్నటి గచ్చు మీద జారినట్టు అలాగే పోతోంది. ఇప్పుడు పట్టుకుంటుంది, ఇప్పుడు పట్టుకుంటుంది అని అతని కాలు గాల్లోనే ఎదురుచూసింది. ఆవిడ ముఖం ఇటు తిరిగింది. అప్పుడు తొక్కాడు బ్రేకు, ఉన్న బలమంతా పెట్టి. కింద ఇనుము గరగరమంది. వెనక సీట్లో నూర బెల్టుకు అడ్డంపడి కెవ్వుమంది. బండి ఆవిడ చీర కుచ్చిళ్లకు జానెడు దూరంలో ఆగింది.

ఆవిడ అరచేత్తో బానెట్ మీద చరిచింది. “కళ్లు నెత్తికెక్కాయి వీళ్లకి! రా కిరీటీ, ఇటు రా నాన్నా,” అని కొడుకును దగ్గరికి లాక్కుంది.

గంగన్న అద్దం దించాడు. “తప్పైంది తల్లీ,” అన్నాడు. నోట్లోంచి వచ్చింది తెలుగే.

ఆవిడ తెల్లబోయి చూసింది. కోపం కాస్తా ఇంకేదో అయింది. “తెలుగువాళ్లా మీరు? పిల్లల బడి కదండీ. కొంచెం చూసుకోవద్దా బాబాయ్‌గారూ?” అంది.

ఆ ‘బాబాయ్‌గారూ’ తిట్టు కన్నా లోతుగా దిగింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నూరను బడి దగ్గర దించి, ఇంటికొచ్చి బండి నీడలో పెట్టి, గంగన్న స్టీరింగ్ ముందే చాలాసేపు కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం జాసిం తనే నడుపుకుంటూ సౌదీ వెళ్లాడు. గంగన్న అతనికి ఏమీ చెప్పలేదు. నూర కూడా చెప్పలేదు.

తిరిగొచ్చిన జాసిం, బ్రేకు తొక్కితే చప్పుడొస్తోంది, శనివారం చూపించమన్నాడు. గంగన్న బండిని నువైద్రాత్ ఊరవతల నర్సింగ్ అనే మెకానిక్ పనిచేసే గ్యారేజీకి తీసుకెళ్లాడు. నర్సింగ్‌ది జగిత్యాల దగ్గర గంగన్న పక్క ఊరు. పదేళ్లుగా బ్రేకుల పనే చేస్తున్నాడు. బండిని పైకి లేపి, చక్రం విప్పి, తుప్పు పట్టిన బ్రేకు డిస్కు మీద వేలు పెట్టి చూపించాడు.

“జంగు చూడే అన్నా. మోటారే ఆపవట్టె, బ్రేకుకు పని లేకపాయె. ఈ ఉప్పుగాలికి జంగు వట్టక ఏం జేస్తది?”

గంగన్న అప్పుడు జరిగిందంతా చెప్పాడు. “కాలు ఎత్తిన నర్సింగూ. ఆగలే. ఏడాది సంది ఆగిన బండి, ఆ పొద్దే ఆగలే.”

“ఛార్జి ఎంతుండె?”

“నిండుగుండె.”

“మరి గదే. బిందె నిండినంక ఇంక నీళ్లెక్కడ వోస్తవ్? బ్యాటరీల జాగ లేకుంటే మోటారు పట్టుకోదు. ఆ తెర మీద రాసుంటది గదా.”

“నాకు సదువొస్తదారా?”

నర్సింగ్ డిస్కులు శుభ్రం చేసి, చక్రాలు బిగించి, ఆ పొద్దులాగే మోటారు పట్టుకోకుండా ఛార్జి వందకు పెట్టాడు. ఎక్కేదాకా ఇద్దరూ చాయ్ తాగుతూ కూర్చున్నారు. తరవాత గ్యారేజీ వెనక ఖాళీ స్థలానికి బండిని తీసుకెళ్లారు. ఆలోచన గంగన్నదే. యాభై వేగంతో రావాలి, గీత దగ్గర నిలబడ్డ మనిషి ఎర్ర గుడ్డ ఎత్తగానే ఆపాలి, గీత నుంచి ఎన్ని అంగల్లో ఆగిందో కొలవాలి.

ముందు నర్సింగ్ నడిపాడు. గంగన్న గుడ్డ ఎత్తాడు, అంగలు వేసి కొలిచాడు. ముప్పై ఒకటి. తరవాత గంగన్న నడిపాడు. యాభై రెండు.

“నీకు అలవాటు తప్పిందన్నా. ఇంకోసారి తొక్కు,” అన్నాడు నర్సింగ్.

రెండోసారి, బండి తనంతట తాను ఆగదని తెలిసి, బ్రేకు మీదే మనసు పెట్టి నడిపాడు. నలభై ఆరు. మూడోసారి నలభై ఐదు. మోకాలు లోపల ఎవరో సూది పెట్టి తిప్పినట్టుంది. గ్యారేజీలో పాత పెట్రోలు పికప్ ఒకటుంటే, అది తెమ్మన్నాడు. దానిమీదా నర్సింగ్ కంటే పదమూడు అంగలు ఎక్కువే పట్టింది.

గంగన్న పికప్ దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తప్పు కరెంటు కారుది అనుకుంటూ వచ్చాడు ఈ మూడు రోజులూ. తన కాలు మందగించిన సంగతిని ఆ కారే ఏడాదిగా కప్పిపెడుతూ వచ్చింది. మోటారు పట్టుకోనని మొండికేసిన ఒక్క పూట అది బయటపడింది.

“పెద్దోడివైనవ్, గంతే. ఎవలికి చెప్పకు,” అన్నాడు నర్సింగ్ మెల్లగా. “ఛార్జి ఎనభై దాటనీయకు. ఇంక రెండేండ్లు నడుస్తది.”

గంగన్నకు ఆ రెండేళ్లు కావాలి. కావాలని ఎవరికి ఉండదు? దారిపొడుగునా అదే ఆలోచించాడు. పిల్లలు కనిపించిన ప్రతిచోటా పాదం ముందే బ్రేకు మీదికి పోయింది, అయినా నమ్మకం చిక్కలేదు.

సాయంత్రం జాసిం వాకిట్లో ఖహ్వా, అరబ్బుల కాఫీ, తాగుతున్నాడు. ఇంట్లో పనివాళ్లందరిలాగే గంగన్న అతన్ని బాబా అంటాడు.

“బాబా, నేను ఇక నూరను బడికి తీసుకెళ్లను.”

జాసిం నవ్వాడు. “ఏం, అలిగిందా నీ మీద?”

గంగన్న బుధవారం సంగతి చెప్పాడు. వచ్చీరాని అరబ్బీలో, హిందీలో, చేతులతో చెప్పాడు. జాసిం నవ్వు ఆగింది. కప్పు కింద పెట్టి, “ఎవరికైనా తగిలిందా?” అని అడిగాడు.

“లేదు బాబా.”

“అయితే ఖలాస్. బండి సెట్టింగు మార్పిస్తాను. ఇరవై ఏళ్లలో నీలాంటి డ్రైవరును చూడలేదు నేను.”

“సెట్టింగు బండికి మారుతుంది. కాలికి మారదు,” అన్నాడు గంగన్న. “నర్సింగ్ ముప్పై ఒక అంగల్లో ఆపాడు. నాకు యాభై రెండు పట్టాయి. మధ్యలో ఇరవై ఒక్కటి. బడి గేటు ముందు అంత జాగాలో ఎంతమంది పిల్లలుంటారో మీరే లెక్కపెట్టండి.”

జాసిం ఇంటి వైపు చూశాడు. లోపల నూర టీవీ చూస్తూ నవ్వుతోంది. “ఈ మాట నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు,” అన్నాడు. అందులో మెప్పు ఉందో, నిష్ఠూరం ఉందో గంగన్నకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు.

పది రోజులకు కొత్త డ్రైవరు వచ్చాడు, నేపాల్ మనిషి, ముప్పై దాటలేదు. వారం పాటు గంగన్న పక్క సీట్లో కూర్చుని దారులు చూపించాడు. బండి ఎక్కగానే తెర మీద ఏం రాసుందో చదవమనేవాడు. ఛార్జి నిండుగా ఉన్న పొద్దున బ్రేకు ముందే తొక్కి చూసుకోమనేవాడు. అతను ఎక్కడ పాదం ఎత్తినా గంగన్న కుడికాలు కింద చాపను నొక్కేది. ఎనిమిదో రోజు తాళం అతని చేతిలో పెట్టేశాడు.

జాసిం గంగన్నను పంపించలేదు. తోటకు నీళ్లు పెట్టడం, కూరగాయలు తేవడం అప్పజెప్పాడు. వీసా ఉన్న ఏడాదీ ఉండమన్నాడు, ఆపైన చూద్దామన్నాడు. మోకాలు డాక్టరుకు చూపించాడు కూడా. అరిగిపోయిందన్నాడు డాక్టరు. అది గంగన్నకు తెలిసిందే.

తాళం ఇచ్చేసిన మర్నాడు అలవాటు కొద్దీ ఐదింటికే మెలకువ వచ్చింది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొచ్చి మళ్లీ పడుకున్నాడు. ఎనిమిదింటికి ఊరి నుంచి భార్య చంద్రవ్వ ఫోను చేసింది.

“ఏందయ్యా, గొంతు గట్లుంది? డ్యూటీకి వోలేదా?”

“పోలే. పండుకున్న.”

“పాణం బాగలేదా?”

“బాగనే ఉంది. అలిసిన, గంతే,” అన్నాడు గంగన్న. “బండి ఇంకొకలకు ఇచ్చిన. జర ఆగి చెప్త, ఇంకో గంట పండనీ.”

ఫోను పక్కన పెట్టి, కాలు బార్లా చాపి, గోడ వైపు తిరిగి అతను నిద్రపోయాడు.